చాయ్ పొయ్యి మీద కారు సెన్సర్

కారు డాష్‌బోర్డు కింద నుంచి బయలుదేరిన రెండు తీగలు ఎడమవైపు కిటికీలోంచి బయటికి వచ్చి, నాలుగడుగుల మట్టి దాటి, చాయ్ హోటల్ పొయ్యి మీది చిన్న స్టీలు గిన్నెలోకి దిగాయి. గిన్నెలో నీళ్లు. నీళ్లలో ఇత్తడి మొన మాత్రమే మునిగేలా గరిటెకు కట్టిన సెన్సర్ ఒకటి. చిటికెన వేలంత ఉంటుంది. ఇంజిన్ ఎంత వేడెక్కిందో కారులోని కంప్యూటరుకు చెప్పడం దాని పని. అది చెడిపోయిందని నెల కిందట కరీంనగర్‌లో పీకేసి, దాని చోట కొత్తది బిగించారు. పీకిన పాతదాన్ని నేను అడిగి తెచ్చుకున్నాను. ఇప్పుడు ఉడుకుతున్నది అదే.

డ్రైవర్ సీట్లో నా భార్య కూర్చుంది. ఇంజిన్ ఆపి ఉంది, తాళంచెవి మాత్రం తిప్పి ఉంది. ఆమె చేతిలో మెకానిక్ ఫోన్. కారు కంప్యూటరుకు తెలుస్తున్న వేడి ఆ ఫోన్‌లో అంకెలుగా కనిపిస్తుంది. ఏళ్ల తరబడి బడిలో హాజరు పిలిచిన గొంతుతో ఆమె చదువుతోంది.

"నలభై రెండు. నలభై ఏడు. యాభై ఐదు."

"జర మంట పెంచు భై," అన్నాడు మెకానిక్, హోటల్ అతనితో.

"పెంచుత గని, ఏం కూర గిది?"

"కారు కూర. ఉప్పెయ్యకు."

"గిన్నె తోమి ఇయ్యాలె మల్ల. రేపు నా చాయ్ పెట్రోల్ వాసనొస్తే గిరాకీ అంత నీ షెడ్డుకే తోల్త."

"డెబ్బై ఒకటి," అంది నా భార్య కారులోంచి. "ఎనభై. ఎనభై ఎనిమిది. ఆగుతలేదు, పోతనే ఉన్నది."

మెకానిక్ గిన్నెలో నీళ్లు బుడగలు కట్టడం చూశాడు. లేచి, మోకాళ్లు దులుపుకుని నా వైపు తిరిగాడు.

"సారూ, సెన్సర్ మంచిగనే చెప్తున్నది. కంప్యూటర్ మంచిగనే ఇంటున్నది. ఇద్దర్ల ఒక్కలకు గూడ ఏం రోగం లేదు."

నేను నోట్‌బుక్‌లో ఆ రెండు మాటలూ రాసి, కింద గీత గీశాను. సెన్సర్ బాగుంది. కంప్యూటర్ బాగుంది. అప్పటికి ఫిట్‌నెస్ పరీక్షకు ఆరు రోజులే గడువు ఉంది. ఆ గిన్నెలో అంకె పెరగకపోయి ఉంటే కారు తుక్కుకు పోయేది.

ఇక్కడి దాకా ఎలా వచ్చామో చెప్పాలి.

ఆ కారుకు ఇరవై ఏళ్లు. చిన్న పెట్రోల్ బండి. నేను దినపత్రికలో పనిచేసిన కాలంలో కొన్నది. ఆదిలాబాద్ అడవి పల్లెల్లో కలరా వచ్చినా, వాగు పొంగినా, పత్తి తడిసినా ఆ కారులోనే వెళ్లి, దాని బానెట్ మీదే కాగితం పెట్టుకుని వార్త రాసిన రోజులు ఉన్నాయి. నా భార్య జైనూర్ వైపు బడుల్లో టీచరుగా చేసింది. ఇద్దరం ఉద్యోగాల నుంచి దిగిపోయి కరీంనగర్‌లో స్థిరపడ్డాం. ఆమె చదువు చెప్పిన పిల్లలు మాత్రం అక్కడే ఉన్నారు. పెళ్లిళ్లకు పిలుస్తారు, బిడ్డ పుడితే పిలుస్తారు, ఊరికే కూడా పిలుస్తారు. జైనూర్ దాకా బస్సు ఉంది. ఆ పిల్లల గూడేలు బస్సు దిగిన చోటికి ఆరేసి, తొమ్మిదేసి కిలోమీటర్లు లోపలికి ఉంటాయి. ఆమె మోకాళ్లు ఇప్పుడు ఆ దూరం నడవవు. ఆమెకు ఆ గూడేలు ఉన్నాయంటే ఈ కారు ఉండబట్టే. దీన్ని అమ్మి కొత్తది కొనే స్తోమత మాకు లేదు. ఆ సంగతి మేము మాట్లాడుకోం.

మొదటిసారి అది ఆగిపోయింది ఉట్నూరు దాటాక గుట్టల దారిలో. ఒక పెళ్లికి పోతున్నాం. చాయ్ కోసం పది నిమిషాలు ఆపాను. తిరిగి తాళం తిప్పితే ఇంజిన్ తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు. గూడేలకు జీపు నడిపే మనిషి ఒకడు అక్కడే కూర్చుని ఉన్నాడు. లేచి వచ్చాడు.

"కాయ్ ఝాలా సారూ? గాడీ రుసలిందా?"

ఏమైంది, బండి అలిగిందా అని. అతనికి మరాఠీ, తెలుగు రెండూ ఒకే వాక్యంలో ఇముడుతాయి. బానెట్ ఎత్తి వంగి వాసన చూశాడు.

"పెట్రోల్ మస్తు తాగింది సారూ. గొంతు దాక తాగింది. జర థండా కానియ్యి, అదే లేస్తది."

గంట ఆగాం. లేచింది. పెళ్లికి చేరేసరికి తలంబ్రాలు అయిపోయాయి. వెనక పొగ గొట్టం అంచు మసిబట్టి నల్లగా ఉంది. డాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మ పసుపుపచ్చగా వెలుగుతోంది.

ఆ జీపు మనిషి చెప్పింది నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. వేడిగా ఉంటే లేవదు, చల్లబడితే లేస్తుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. తర్వాత రెండు నెలల్లో ఎవరెవరో చెప్పిన మాటలన్నింటిలో చివరిదాకా నిలబడింది ఈ మొదటి మూడే.

కరీంనగర్ బైపాస్ రోడ్డులో పెద్ద వర్క్‌షాప్ ఒకటి ఉంది. కూర్చోవడానికి ఏసీ హాలు, తాగడానికి కాఫీ. కారుకు స్కానర్ తగిలించారు. తెర మీద ఒక కోడ్ వచ్చింది. అక్కడి సూపర్‌వైజర్ ఆ కోడ్ అర్థం చదివి వినిపించాడు. ఇంజిన్ వేడిని చెప్పే సెన్సర్ అని. సెన్సర్ మార్చారు. లైటు ఆరింది. మూడో రోజు పాల ప్యాకెట్ తేవడానికి బయలుదేరితే మళ్లీ వెలిగింది.

మే నెల వచ్చింది. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. దానికి ఫిట్‌నెస్ పరీక్ష, అంతకు ముందు పొగ పరీక్ష. పొగ పరీక్షలో మా కారు ఫెయిలైంది. పొగ గొట్టంలో పెట్టిన పరికరం బయటికి తీస్తూ పరీక్ష చేసే అతను, "ఏం పోస్తున్నరు సారూ దీంట్ల, డాంబరా?" అన్నాడు.

మళ్లీ వర్క్‌షాప్‌కు వెళ్లాను. ఈసారి సూపర్‌వైజర్ ముందే ఒక ఫారం తెచ్చి పెట్టుకున్నాడు.

"సర్, సెన్సర్ మార్చినం, అయినా లైట్ వచ్చింది. అంటే కంప్యూటర్ పోయినట్టు. ఈ మోడల్‌కు కంప్యూటర్ ఎక్కడా దొరుకతలేదు. ఇరవై ఏండ్లు వాడుకున్నరు సర్, ఇంకెంత? గిక్కడ సంతకం చేయండి, తుక్కుకు మేమే పంపిస్తం."

పెన్ను కూడా మూత తీసి నా వైపు జరిపాడు.

"కంప్యూటర్ పోయిందని చూసిండ్రా?" అని అడిగాను.

"చూసుడేంది సర్. సెన్సర్ కొత్తది. ఇంక మిగిలింది అదొక్కటే గదా."

"సెన్సర్‌కు, కంప్యూటర్‌కు నడుమ ఏముంటది?"

"ఏముంటది, వైరు ఉంటది."

"దాన్ని చూసిండ్రా?"

అతను ఫారం వైపు చూశాడు. "వైర్లు ఖరాబ్ కావు సర్."

నేను పెన్నుకు మూత పెట్టి అతని వైపే జరిపాను. పాత సెన్సర్ ఇమ్మని అడిగాను. ప్లాస్టిక్ సంచిలో వేసి, పిచ్చివాడిని చూసినట్టు చూసి ఇచ్చాడు.

అతని మీద నాకు కోపం లేదు. అతను చేసిన పని నేనూ ఒకసారి చేశాను. పోలీసులు ఇచ్చిన కాగితంలో ఒకతని పేరు ఉంది, మోటారు సైకిళ్ల దొంగ అని. ఆ కాగితాన్ని చూసి, ఇంకెవరినీ అడగకుండా, దొంగ అని రాసేశాను. అనుమానితుడు అని కాదు, దొంగ అని. పది రోజులకు అతను బండి కొన్న రసీదు పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. అరవలేదు, తిట్టలేదు. నా బల్ల ముందు నిలబడి, "గిప్పుడు మా వాడకట్టుకు ఎట్ల పోవాలె సారూ?" అని అడిగాడు. లోపలి పేజీలో మూడు లైన్ల సవరణ వేశాం. అది ఎవరూ చదివి ఉండరు. అప్పటి నుంచి ఒక్క కాగితం చెప్పిన మాటకు నేను సంతకం చేయలేదు. ఇప్పుడు ఒక స్కానర్ తెర చెప్పిందని చేయడం నావల్ల కాలేదు. మొండితనం అంటే మొండితనమే. ఇంట్లో ఆ పేరు నాకు ఎప్పటినుంచో ఉంది.

గిన్నె పొయ్యి మీద పెట్టించిన ఈ హుజూరాబాద్ మెకానిక్ నాకు పాత పరిచయం. మస్కట్‌లో పన్నెండేళ్లు గ్యారేజీలో పనిచేసి వచ్చాడు. రోడ్డు పక్క రేకుల షెడ్డు, ఆనుకుని చాయ్ హోటల్, బయట వేపకొమ్మకు వేలాడే టైరు, అంతే. బోర్డు కూడా లేదు. స్కానర్ అతని దగ్గరా ఉంది. అగ్గిపెట్టెంత. దాన్ని డాష్‌బోర్డు కింద తగిలిస్తే అంకెలు ఫోన్‌లోకి వస్తాయి.

పొద్దున పది దాటాక చేరాం. ఇంజిన్ చల్లారేదాకా మూడు గంటలు ముట్టుకోనన్నాడు. సద్ది తిన్నాడు, ఒక ట్రాక్టరుకు పంక్చరు వేశాడు, ఒకరితో ఫోన్‌లో పోట్లాడాడు. ఆ తర్వాత తాళంచెవి తిప్పి, ఫోన్ చూసి, నన్ను పిలిచాడు.

"సారూ, గిప్పుడు మన హుజూరాబాద్‌ల ఎండెంత?"

"నలభై దాటింది."

"మీ బండి లెక్కన నాలుగు."

"నాలుగేంది?"

"నాలుగు డిగ్రీలు. కాశ్మీర్‌ల ఉన్న అనుకుంటున్నది. గందుకే సలికి పెట్రోల్ తాగుతున్నది. మనిషి కల్లు తాగినట్టు."

చెప్పి వదిలేయకుండా విప్పి చెప్పాడు. ఇంజిన్ చల్లగా ఉంటే కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, వేడెక్కాక తగ్గిస్తుంది. మా కారు ఎంత వేడెక్కినా ఆ కబురు కంప్యూటరుకు అందడం లేదు. కనుక అది పోస్తూనే ఉంది. అందుకే నల్ల పొగ. అందుకే వేడి మీద ఆపితే, అప్పటికే పెట్రోల్‌తో తడిసిన ఇంజిన్ లేవడం లేదు. జైనూర్ దారిలో జీపు మనిషి ముక్కుతో చెప్పింది ఇదే.

"మరి వాళ్ల స్కానర్‌ల గీ నాలుగు కనవడలేదా?"

"కనవడ్తది సారూ. కోడ్ సూసి ఆగిపోయిండ్రు, అంకె సదువలే. కోడ్ అంటే దొంగ పేరు గాదు. ఏ గల్లీల దొంగతనమైందో చెప్తది, గంతే. గల్లీల మూడిండ్లున్నయి. సెన్సరు, వైరు, కంప్యూటరు. మూడిండ్లు తిరగాలె గదా."

"ముందుగాల ఏ ఇల్లు?"

"పాత సెన్సరేది? తెచ్చిండ్రా?"

సంచిలోంచి తీసి ఇచ్చాను. అతను నవ్వాడు. "పారెయ్యలే! పేపర్ సారుకు పారేసే బుద్ధి లేదు." ఫోన్‌లో కారు వైర్ల పటం వెతికి, కంప్యూటర్ దగ్గర ఏ రెండు చోట్లకు వేడి కబురు రావాలో చూసుకున్నాడు. అక్కడి పాత వైర్లు ఊడదీసి తన తీగలు పెట్టాడు. ఆ తీగలే చాయ్ పొయ్యి దాకా వచ్చాయి. నా భార్యను డ్రైవర్ సీట్లో కూర్చోమన్నాడు. "టీచరమ్మా, మీరు సదువుండ్రి. తప్పు సదువరు."

తర్వాత జరిగింది మొదటే చెప్పాను. పాత సెన్సర్ వేడి సరిగ్గా చెప్పింది, పోయిందన్న కంప్యూటర్ దాన్ని సరిగ్గా విన్నది. మిగిలింది వైరు.

వైరు చివర సెన్సర్ తలకు తగిలే చిన్న ప్లాస్టిక్ టోపీ ఉంటుంది. దాన్ని కనెక్టర్ అంటారు. వర్క్‌షాప్ వాళ్లు సెన్సర్ మార్చి, ఈ టోపీనే తెచ్చి కొత్త తల మీద మళ్లీ తొడిగారు. మెకానిక్ దాన్ని ఊడదీసి, పిన్నీసుతో లోపల గీరి, వెలుతురుకు పట్టాడు. లోపలి రెండు రాగి రేకుల మీద ఆకుపచ్చ చిలుము మందంగా పేరుకుని ఉంది. చిలుము అంచున పసుపు రంగు. పసుపు పక్కన ఎరుపు.

అతను దాన్ని వాసన చూశాడు. నా భార్యకు చూపించాడు.

"టీచరమ్మా, లోపల దేవుడు కూసున్నడు."

"ఏందది?"

"పసుపు, కుంకుమ. అవి ఊకె రావు గదా లోపలికి. నీళ్లు తీసుకపోయినయి. కొబ్బరి నీళ్లు."

జైనూర్ పోయే ప్రతిసారీ కొండగట్టు గుడికి పోయే కమాన్ దగ్గర ఆపుతాం. గుట్ట ఎక్కడానికి వేళ ఉన్నా లేకున్నా, కింద కొబ్బరికాయ కొట్టకుండా ఆమె ముందుకు పోనివ్వదు. నేను బానెట్ ఎత్తుతాను. ఆమె ఇంజిన్‌కు పసుపు రాసి, బొట్టు పెట్టి, కాయ కొట్టి, ఆ నీళ్లు ఇంజిన్ మీద పోస్తుంది. దసరాకు ఇంటి ముందూ అంతే. మా చుట్టుపక్కల ట్రాక్టర్లకు, ఆటోలకు, హార్వెస్టర్లకు అందరూ చేసేది అదే. ఇంజిన్ కూడా తీర్థం తీసుకోవాలని ఆమె మాట. ఆ నీళ్లు పోసే చోటికి సరిగ్గా జానెడు కింద ఉంది ఆ టోపీ.

"ఇరవై ఏండ్ల సంది పోస్తున్న," అంది ఆమె. "గన్నొద్దులు కానిది గిప్పుడెట్లయింది?"

"దీనికి రబ్బరు రింగుండాలె. లోపలికి నీళ్లు పోకుంట. గది లేదు సూడుండ్రి."

"ఏడబోయింది?"

"నాకేం ఎరుక టీచరమ్మా. ఎన్నడో ఎవలో ఇప్పి మల్ల పెట్టలే."

"అంటే తప్పు రింగుది. కొబ్బరికాయది గాదు."

"మీరన్నదే," అన్నాడు అతను, నా వైపు చూడకుండా.

"మరి బానెట్ ఎవలెత్తిండ్రు?" అంది ఆమె, నా వైపే చూస్తూ. "నేను ఎత్తుతనా అంత బరువు?"

హోటల్ అతను గిన్నె తోముకుంటూ, "జరిమాన దేవునికే ఎయ్యుండ్రి సారూ, ఆయనెట్లాగూ కట్టడు," అన్నాడు.

చిలుము పట్టిన టోపీ కోసేశాడు. వెనక వైరు కూడా బెత్తెడు దాకా నల్లబడి ఉంటే అదీ కోసి, పాత బండి నుంచి తీసిపెట్టుకున్న మంచి టోపీ ఒకటి, రింగుతో సహా, టంకం పెట్టి అతికాడు. తాళం తిప్పాడు. ఫోన్‌లో నలభై ఒకటి వచ్చింది. నా భార్య ఆ అంకెను కూడా పైకి చదివింది. ఇంజిన్ నడుస్తుంటే అరవై, డెబ్బై, తొంభై. వెనక గొట్టం దగ్గర తెల్ల రుమాలు పట్టాను. మసి అంటలేదు.

ఆరో రోజు పొగ పరీక్ష గట్టెక్కింది. తర్వాత ఫిట్‌నెస్ పరీక్ష చేసే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కారు చుట్టూ తిరిగాడు. తలుపు తీసి వేశాడు. తీసినప్పుడు అది మూలిగింది.

"ఇంకా నడుపుతరా సార్ దీన్ని?"

"నడుపుత."

"ఐదేండ్లా?"

"మీరు ఎన్నేండ్లు రాస్తే గన్నేండ్లు."

అతను రాశాడు. ఆ కాగితాన్ని ఇంటికి రాకముందే వర్క్‌షాప్‌కు తీసుకెళ్లి సూపర్‌వైజర్ బల్ల మీద పెట్టాలని అనిపించింది. బైపాస్ రోడ్డులో సగం దూరం పోయాను కూడా. నా భార్య, "ఏం జేస్తవు పోయి? ఆయన కొలువాయనది," అంది. వెనక్కి తిప్పాను. ఆమె మాట విన్నందుకు ఇప్పటికీ కొంచెం చింత ఉంది.

వానలు మొదలయ్యాక జైనూర్ వెళ్లాం. ఆమె దగ్గర చదివిన ఒకమ్మాయి బాలింత. కొండగట్టు కమాన్ దగ్గర ఆమె ఆపమంది. ఆపాను. నేను బానెట్ ఎత్తలేదు. ఆమె ఎత్తమనలేదు. ముందు టైరు దగ్గర కాయ కొట్టి, నీళ్లు టైరు మీద పోసింది. చేయి తుడుచుకుంటూ, "రింగు కొత్తదే గదా, దసరాకు సూద్దాం," అంది. నేను గేరు వేశాను.

ఉట్నూరు దాటాక అదే చాయ్ కొట్టు దగ్గర కావాలనే ఆపాను. అప్పుడు ఆగినంతసేపే, పది నిమిషాలు. జీపు మనిషి అక్కడే ఉన్నాడు. గుర్తుపట్టాడు.

"ఇంక ఉన్నదా సారూ గీ గాడీ? తుక్కు కింద ఎయ్యలేదా?"

తాళం తిప్పాను. ఒక్క తిప్పుకు అందుకుంది. అతను పొగ గొట్టం దగ్గరికి వెళ్లి, వంగి, వాసన చూసి, లేచి, "తాగుడు మానింది," అన్నాడు. ఆ మాట కోసమే ఆపాను నేను. గూడెంలో నా భార్య పసిబిడ్డను గంటసేపు ఒళ్లోంచి దించలేదు.

తిరుగు దారిలో, గుట్ట దిగుతుంటే ఒక మలుపు దగ్గర డాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మ వెలిగింది. దాదాపు నాలుగు కిలోమీటర్లు వెలిగి, ఆపడానికి చోటు దొరికేలోపే ఆరిపోయింది. మర్నాడే హుజూరాబాద్ వెళ్లాను. వేడి అంకె సరిగ్గానే ఉంది. కోడ్ ఏదీ మిగిలి లేదు. మెకానిక్ వైర్లన్నీ లాగి చూశాడు, టోపీ ఊడదీసి చూశాడు, మళ్లీ పెట్టాడు. "మల్ల వెలిగితే గప్పుడు అంకెంతున్నదో రాసుకొని రాండ్రి," అన్నాడు. అగ్గిపెట్టె స్కానర్ మాకే ఇచ్చాడు. ఇప్పుడు నేను నడుపుతుంటే నా భార్య పక్కన ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది. ఆ తర్వాత జైనూర్‌కు మూడుసార్లు పోయి వచ్చాం. లైటు మళ్లీ వెలగలేదు. ఆ రోజు ఎందుకు వెలిగిందో ఇంకా తెలియదు.